మూడో నీలికుండ

వానలు వెనకబట్టి గాలి ఉత్తరానికి తిరిగిన వారంలో నూలుకి రంగు పట్టించే మా మొదటి నీలికుండ పోయింది.

చచ్చిపోయిందని మా వైపు ఎవరూ అనరు. వెళ్ళిపోయిందంటారు. ఆ ఉదయం మా అత్త ఖంఫా కుండ మీద మూత తీసి, వంగి వాసన చూసి, చూపుడువేలు ముంచి నాలిక మీద రాసుకుంది. ఆ వేలిని దించకుండా అలాగే నిలబడిపోయింది. స్తంభాల మీద లేపి కట్టిన ఇంటి కింద, ఆమెకు నాలుగు బారల దూరంలో కూర్చుని నేను వెదురు బద్దలు చీలుస్తున్నాను. కత్తి ఆపేశాను.

"వెళ్ళిపోయింది," అంది అత్త.

నా భార్య నువన్ భుజం మీద నూలు చిలపలు వేసుకుని మెట్లు దిగుతోంది. సగంలోనే ఆగిపోయింది.

మా ఫూథాయ్ జనం ఊళ్ళలో పెళ్ళయిన మగవాడు తన కత్తీ, నాలుగు బట్టలూ మూట కట్టుకుని అత్తవారింటికి కాపురానికి వెళ్ళాలి. నేనూ అలాగే వచ్చాను. వచ్చిన రోజే అత్త నాకు ఒక మాట చెప్పింది. "అల్లుడూ, ఈ ఇంట్లో నీకు కావలసింది తీసుకో, తిను, వాడుకో. కుండల జోలికి మాత్రం రాకు." ఆరేళ్ళపాటు నేను వాటిని వేలితో కూడా తాకలేదు. దూరం నుంచి చూడడం మాత్రం మానలేదు. జిగురన్నం పెట్టుకునే బుట్టలు అల్లుకుంటూ, కుండలోంచి నూలు పైకి రావడం చూసేవాణ్ణి. పైకి వచ్చినప్పుడు పచ్చగా, లేత అరిటాకులా ఉంటుంది. అత్త దాన్ని పిండి, విదిలించి, గాలికి పట్టుకుంటుంది. చూస్తుండగానే ఆ పచ్చదనం మీద నీలం పాకుతుంది. అల్లిక మధ్యలో చేతులాపి నేను చూస్తుంటే అత్త తిట్టేది. "ఏంటి, మొదటిసారి చూస్తున్నావా? నీ బుట్ట వంకర పోతోంది చూసుకో."

మూడు కుండలుండేవి. మూడోది అత్త వాళ్ళ అమ్మమ్మ నాటిది. కుండ బతికుండాలంటే పొద్దునా సాయంత్రమూ దానికి ఏదో ఒకటి పొయ్యాలి. ఘాటు తగ్గితే సున్నం కలిపిన బూడిద నీళ్ళు, ఘాటెక్కువైతే చింతపండు నీళ్ళు. ఎప్పుడు ఏది కావాలో నాలికే చెప్తుంది. అత్త నాలిక ఎంత నమ్మకమైనదంటే, చుట్టుపక్కల అయిదూళ్ళ ఆడవాళ్ళు తమ కుండల నీళ్ళు చిన్న సీసాల్లో పోసి ఆమెకు రుచి చూపించడానికి తెచ్చేవాళ్ళు. అలాంటి మనిషి ఇంట్లో కుండ వెళ్ళిపోయింది.

"ఎవరో ఏదో చేశారు," అంది అత్త మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. "ఊరికే వెళ్ళిపోదు."

ముట్టయిన ఆడది, కడుపుతో ఉన్న ఆడది, శవాన్ని మోసి వచ్చిన మనిషి కుండ దగ్గరికి రాకూడదు. ఇది మాలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నువన్ తల దించుకుని నూలు సర్దుకుంటున్నట్టు నటించింది.

ఆ మధ్యాహ్నం పెరటి చివర నీలి మొక్కలు కోస్తుంటే నువన్ నా పక్కకొచ్చి కొడవలి పట్టుకుని కూర్చుంది. ఎంతసేపైనా కొయ్యలేదు.

"నా వల్లే పోయింది," అంది.

"నీ వల్లేమిటి?"

"నెల తప్పి చాలా రోజులైంది."

కోసిన కట్ట నా చేతిలోంచి జారిపోయింది. సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. అంతకుముందు రెండుసార్లు మేము సంతోషపడ్డాం. ఒకసారి నాట్ల రోజుల్లో, ఇంకోసారి కిందటి చలికాలంలో. రెండుసార్లూ మూడో నెల నిండకుండానే పోయింది.

"అత్తకి చెప్దాం," అన్నాను.

"వద్దు. రెండుసార్లూ చెప్పిన వారానికే పోయాయి. నాలుగో నెల వచ్చేదాకా నోరెత్తకు. ఒట్టు."

"మరి కుండ దగ్గరికి వెళ్ళకుండా ఉండు."

"ఎందుకు రావట్లేదని అడగదా? ఊరుకునే మనిషేనా అమ్మ?"

చివరికి ఒక ఉపాయం ఆలోచించింది. మర్నాడు వేలికి గుడ్డ కట్టుకుని, కొడవలితో తెగిందని చెప్పింది. నీలి నీళ్ళలో తెగిన వేలు పెడితే మండుతుంది కాబట్టి ఎవరూ బలవంతం చెయ్యరు. అత్త ఒకసారి గుడ్డ వైపు చూసి, "జాగ్రత్తగా కొయ్యి," అని ఊరుకుంది.

కోసిన ఆకు నానబెట్టి నీలి ముద్ద చేసిన రోజు మాత్రం ఇల్లు ఇల్లులా ఉంది. ఆ ముద్ద చెయ్యడంలో ఎవరికీ అడ్డు లేదు, కుండలోకి వెళ్ళేదాకా అది ఇంకా బురదే. ఒక రాత్రంతా నానిన ఆకుని తీసేసి, పచ్చటి నీళ్ళలో సున్నం కలిపి, బుట్టతో కొట్టాలి. నేను అల్లిన బుట్టే. నువన్ గుడ్డ కట్టిన వేలిని తడవకుండా పైకెత్తి ఉంచింది. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి వంతులేసుకుని కొట్టాం. మొదట తెల్లటి నురగ, తర్వాత పచ్చటిది, తర్వాత ఊదా, చివరికి నెమలి మెడ రంగు. చేతులు భుజాల దాకా నీలమైపోయాయి. నువన్ ముక్కు మీద ఒక చుక్క పడితే నేను నవ్వాను, నా మొహం మీద దోసెడు కొట్టింది.

పక్కింటి కేవ్ పిన్ని కంచె మీదుగా తొంగి చూసింది. ఆమె నూలు మా కుండలోనే ముంచుకుంటుంది. "ఏం ఖంఫా, నీ నీలి అలిగి వెళ్ళిపోయిందటగా! మా ఇంటికొస్తుందేమో, ఓ కుండ కడిగి పెట్టుకోనా?"

"కడుక్కో. అందులో నీ మొగుడి లుంగీలైనా నానతాయి," అంది అత్త. అందరం నవ్వాం.

ఆ సాయంత్రం వెదురు మొలకల పులుసు నోట్లో పెట్టుకోలేకపోయాం. అత్త ఉప్పు రెండుసార్లు వేసింది. దానికీ నవ్వాం. పెరట్లోంచి దూసిన సోయికూర దోసెడు వేసి, నీళ్ళు పోసి మళ్ళీ కాచుకుని తిన్నాం. అత్త నవ్వలేదు. ఉప్పు డబ్బా వైపు చూస్తూ కూర్చుంది.

వరి కోతలు సగంలో ఉండగా రెండో కుండ వెళ్ళిపోయింది.

ఈసారి అత్త గట్టిగా ఏమీ అనలేదు. మూత పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి, నా వైపు తిరిగింది.

"నువ్వేనా?"

"నేనేంటత్తా?"

"మొన్న మీ మేనమామ శవపేటిక మోశావు. తిన్నగా ఇక్కడికొచ్చి కూర్చున్నావు."

"గుళ్ళో నీళ్ళు చల్లించుకునే వచ్చాను. బావి దగ్గర స్నానం కూడా చేశాను. పొడిబట్టలు మీరేగా తెచ్చిచ్చారు?"

"నేనా?" అంది.

ఆ ఒక్క మాట అన్నప్పుడు ఆమె కళ్ళల్లో ఏదో కదిలింది. అది కోపమే అనుకున్నాను. మరుక్షణం గొంతు పెరిగింది. "సాకులు చెప్పకు! ఇవాళ్టినుంచి నువ్వు ఇంటి కింద కూర్చోవద్దు. నీ కత్తి, నీ వెదురు, నీ బద్దల చుట్టలు అన్నీ పెరట్లోకి పట్టుకుపో."

నువన్ నోరు తెరవబోయింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. అది అరటిచెట్ల వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది. కోళ్ళని అదిలిస్తున్నట్టు మధ్యమధ్యలో హుష్ హుష్ అంటూనే ఉంది పాపం.

నా సామానంతా మోసుకుని చిక్కుడు పందిరి వెనక చేరాను. ఆ ఏడు చిక్కుడు విరగకాసింది. ఊదారంగు పూలతో, కాయలతో పందిరి గోడలా దట్టంగా అల్లుకుపోయింది. దాని వెనక కూర్చుంటే మనిషి కనపడడు. ఎండ తగలదు, పుదీనా వాసన వస్తుంటుంది, చేతికింద వెదురు మెత్తగా వంగుతుంది. ఇంకెప్పుడైనా అయితే అంతకన్నా సుఖం లేదనుకునేవాణ్ణి. ఆ రోజుల్లో మాత్రం ఏ బద్ద చీల్చినా మధ్యలో విరిగేది.

మిగిలింది మూడో కుండ, అమ్మమ్మ నాటిది. నువన్ రోజూ సాయంత్రం మొక్కలకి నీళ్ళు పొయ్యడానికి వచ్చి, నా పక్కన కూర్చుని గొణిగేది. "రెండు కుండలు పోయాయి. నాకూ రెండు పోయాయి. ఇప్పుడు మూడోది నడుస్తోంది. నీకర్థం కావట్లేదా? ఆ కుండ వెళ్ళిపోతే ఇదీ వెళ్ళిపోతుంది." పొట్ట మీద చెయ్యి వేసుకునేది. అప్పటికి తిండి సగమైంది. పగలంతా మగ్గం దగ్గర కూర్చున్నా, బట్ట జానెడు కూడా పెరిగేది కాదు. చెవులు మాత్రం కింద కుండ మూత చప్పుడు మీదే ఉండేవి.

పందిరి ఆకుల సందుల్లోంచి నాకు మా ఇంటి కింది భాగమంతా కనపడేది. అక్కణ్ణించే చూశాను.

ఒక ఉదయం అత్త కుండ దగ్గరికొచ్చింది. రుచి చూసింది. "పులుపు చాల్లేదు తల్లీ," అని కుండతో అని, కొబ్బరి చిప్పలో చింతపండు పిసికి ఆ నీళ్ళు పోసి కలిపింది. మూత పెట్టి, వాకిలి ఊడ్చి, కోళ్ళకి నూకలు చల్లింది. నేను ఒక బుట్ట అడుగు అల్లేంతలో మళ్ళీ వచ్చింది. ఈసారి రుచి చూడలేదు. "పులుపు చాల్లేదు తల్లీ," అంది, అదే గొంతుతో. మళ్ళీ చింతపండు పిసికి పోసింది.

ఆ రోజు నాకేమీ అనిపించలేదు. అలా రెండు విడతలుగా పొయ్యాలేమో, నాకేం తెలుసు? సాయంత్రం రుచి చూసి మొహం చిట్లించింది. "ఇంత పులుపేంటే నీకు!" అని సున్నపు నీళ్ళు పోసింది. పొయ్యి మీద అన్నం బుట్ట పెట్టడానికి వెళ్ళి వచ్చి, మళ్ళీ పోసింది.

మూడు రోజులు చూశాను. నాలుగో రోజుకి నాకు అర్థమైంది. ఆవిడ నాలిక తప్పు చెప్పడం లేదు. అది ఏం చెప్పిందో కూడా ఆవిడకి గుర్తుంటోంది. గుర్తు లేనిదల్లా, దాని మాట విని అప్పటికే పోసేసిన సంగతి.

నువన్‌కి చెప్పాను. మిరప మొక్కలకి నీళ్ళు పోస్తున్నది చెంబు నేలకేసి కొట్టింది.

"మా అమ్మకి మతి పోయిందంటావా?"

"అలా అనలేదు. చూసింది చెప్తున్నాను."

"పుట్టింది మొదలు చూస్తున్నా, మా అమ్మ ఒక్కనాడు కూడా కుండ దగ్గర తప్పు చెయ్యలేదు. నీకు ఇంటి కింద చోటు పోయిందని కక్ష."

"నాకు కక్షా? నువన్, నువ్వు తిండి మానేశావు. తప్పు నీది కాదని చెప్పడానికి వచ్చాను."

"నన్ను బయటపడెయ్యడానికి మా అమ్మని ముంచుతావా? నాకు అలాంటి సాయం వద్దు." కిందపడ్డ చెంబు తీసుకుంది. "ఇంకెవరి దగ్గరా ఈ మాట అనకు. అన్నావంటే నీ మూట నువ్వు కట్టుకో."

నేను ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. చెబితే ఒక మనిషిని నిలబెట్టిన చోటునే ఆమె కాళ్ళకింద నుంచి లాగినట్టు. చెప్పకపోతే నా పెళ్ళాం నా కళ్ళముందే కృశించిపోతోంది. అత్త కుండ దగ్గరికి వచ్చినప్పుడల్లా అల్లిక ఆపేవాణ్ణి. ఈసారి ఒకసారే పొయ్యాలి, ఒకసారే పొయ్యాలి అని లోపల అనుకునేవాణ్ణి. కొన్ని రోజులు ఒకసారే పోసేది. అప్పుడు నేనే పిచ్చివాణ్ణేమో అనిపించేది.

ఒక రోజు అన్నాల దగ్గర అత్త తల ఎత్తకుండానే చెప్పింది. "రేపు సోన్ అవ్వని రమ్మన్నాను."

సోన్ అవ్వ పాట ఎత్తితే ఆమె ఒంటి మీదికి దేవతలొస్తారు. ఏ ఇంట్లో ఏ తప్పు ఎవరి వల్ల జరిగిందో అందరి ముందూ పేరు పెట్టి చెప్తుంది.

"ఎందుకమ్మా?" అంది నువన్.

"మూడోది కూడా ఊగిసలాడుతోంది. ఎవరి వల్లో తేలిపోవాలి."

నువన్ చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. తర్వాత పెరట్లో నా చొక్కా పట్టుకుంది. "రేపు అందరి ముందూ నా పేరే వస్తుంది. అంతకంటే నేనే ముందు చెప్పేస్తా."

"ఒక్క పూట ఆగు," అన్నాను. ఎందుకు ఆగమన్నానో నాకే తెలియదు.

మర్నాడు పొద్దున్నే కేవ్ పిన్ని చాపలు తెచ్చి పడేసి, ఇంకా ఎవరెవరు వస్తున్నారో ఏకరువు పెట్టి వెళ్ళింది. నువన్ పైన అన్నం పొట్లాలు కడుతోంది. నేను పందిరి వెనక కూర్చున్నాను. బుట్ట ఒడిలో ఉంది కానీ అల్లడం లేదు.

అత్త వచ్చింది. రుచి చూసింది. "పులుపు చాల్లేదు తల్లీ." పోసింది. పిప్పిని పక్కనున్న దూలం మీద పెట్టింది. పైకి వెళ్ళింది.

ఎండ పనసచెట్టు మీదికి వచ్చాక మళ్ళీ దిగింది. చేతిలో కొబ్బరి చిప్ప. చింతపండు పిసుకుతూ వచ్చి, మూత తీసింది.

నేను పందిరి దాటి బయటికి వచ్చాను.

"అత్తా, ఆగండి."

ఉలిక్కిపడింది. "నిన్ను ఇటు రావద్దన్నానుగా!"

"అన్నారు. పొయ్యకండి. ఇందాక పోశారు."

చిప్ప కుండ అంచు మీదే ఉంది. "ఎప్పుడు?"

"కేవ్ పిన్ని వెళ్ళిన కాసేపటికి."

నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దూలం వైపు చూసింది. అక్కడ చింతపండు పిప్పి ఉంది, చుట్టూ చీమలు పట్టి. తీసుకుని, చీమల్ని ఊది, రెండు వేళ్ళ మధ్య నొక్కింది. నీళ్ళు వచ్చాయి.

"నిన్నటిదేమో," అంది.

"నిన్నటిదైతే ఎండిపోయేదత్తా."

పైన నువన్ అరిటాకులు చింపుతున్న చప్పుడు వినపడుతోంది. అత్త చిప్ప పట్టుకుని నడిచి, ఆ నీళ్ళని కంచె మొదట్లో గడ్డి మీద పారబోసింది. వెనక్కి వచ్చి, కుండ మీద మూత సరిగ్గా పెట్టింది.

"ఇదే మొదటిసారా?"

"కాదు."

"ఎప్పటినుంచి చూస్తున్నావు?"

"పందిరి వెనకకి మారినప్పటినుంచి."

"నేను వెళ్ళగొట్టబట్టి చూశావన్నమాట." నవ్వినట్టే అనిపించింది కానీ అది నవ్వు కాదు. "నువన్‌కి తెలుసా?"

"చెప్పాను. నమ్మలేదు. నన్ను మూట కట్టుకోమంది."

"మంచిది," అంది అత్త. పైబట్ట చెంగుతో చేతులు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ విడివిడిగా. "వెళ్ళి స్నానం చెయ్యి. జనం వస్తారు."

ఏం చేస్తుందో చెప్పలేదు. అడిగే ధైర్యం నాకు లేదు.

మధ్యాహ్నానికి మా ఇంటి కింద ఇరవై మంది దాకా చేరారు. సోన్ అవ్వ ఎర్రటి పైబట్ట కప్పుకుని చాప మధ్యలో కూర్చుంది. పక్కన ఖేన్ ఊదే ఆయన వెదురు గొట్టాలు సర్దుకుంటున్నాడు. పళ్ళెంలో గుడ్డు, బియ్యం, సారా సీసా, తెల్లటి నూలు దారాలు. నువన్ స్తంభానికి ఆనుకుని నిలబడింది, మొహంలో నెత్తురు లేదు. నా వైపు ఒకసారి చూసింది. ఇక చెప్పేస్తుందని అర్థమైంది. ఒక అడుగు ముందుకు వేసింది.

"అక్కా, పాట ఎత్తకు," అంది అత్త.

సోన్ అవ్వ కళ్ళు తెరిచింది. "అదేంటి? మరి పిలిపించావు?"

"పిలిచినప్పుడు పని ఉంది. ఇప్పుడు లేదు. కుండల్ని ఎవరూ ఏమీ చెయ్యలేదు. నేనే."

"నువ్వేంటి?"

"ఒకసారి పోసింది మర్చిపోయి రెండోసారి పోశాను. అంతే. అల్లుడు చూశాడు."

ఖేన్ ఆయన గొట్టాలు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి అనకుండా ఉండలేని కేవ్ పిన్ని కూడా కట్టుబట్ట మడతలు చూసుకుంటోంది. చివరికి ఆమే అంది, మెల్లగా. "మొన్న నీ నూలు నీకిచ్చేశానా అని రెండుసార్లు అడిగావు ఖంఫా. వేళాకోళం చేస్తున్నావనుకున్నా."

"నేనూ అలాగే అనుకుంటూ వచ్చాను," అంది అత్త. తర్వాత పళ్ళెంలో దారాలు చూపించింది. "ఇంత దూరం వచ్చావు, ఆ దారాలు వృథా చెయ్యకక్కా. మా పిల్ల చేతికి కట్టు. మూడో నెల నిండుతోంది."

నువన్ స్తంభం పట్టుకుంది. "అమ్మా!"

"ఏంటే అమ్మా? పులిసిన చేపల గుజ్జు జాడీ మూత తీస్తే అరటిచెట్లలోకి పరిగెడతావు. కొడవలితో తెగిందని గుడ్డ కట్టావు, బానే ఉంది. ఆ గుడ్డ మొన్న చూపుడువేలికి ఉంది, నిన్న ఉంగరం వేలికి ఉంది. నాకు మరుపొచ్చింది కానీ గుడ్డితనం రాలేదు."

మొదట నవ్వింది సోన్ అవ్వ. తర్వాత అందరూ. నువన్ మాత్రం చాప మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరి ఆమె మణికట్లకి దారాలు కట్టారు. ఆ నీలం పట్టిన చేతులన్నీ దాని చేతుల మీద.

జనం వెళ్ళిపోయాక నువన్ వాళ్ళమ్మ పక్కకి జరిగింది. "తెలిసి కూడా నన్ను కుండ చుట్టుపక్కల తిరగనిచ్చావా?"

"నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు ఈ కుండలో చెయ్యి పెట్టని రోజు లేదు. మా అమ్మకి తెలియనివ్వలేదు. నువ్వూ బాగానే పుట్టావు, కుండా బాగానే ఉంది."

"మరి ఆయన్ని ఎందుకు వెళ్ళగొట్టావు? సోన్ అవ్వనెందుకు పిలిచావు?"

అత్త చాప అంచు పోగు ఒకటి లాగింది.

"ఉప్పు, తాళం, నూలు... రోజుకొకటి. నాలో ఏదో జరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. దయ్యమైతే బాగుండుననుకున్నాను. దయ్యమైతే ఒక కోడీ, ఒక సీసా సారా ఇస్తే పోతుంది." నా వైపు చూడకుండానే అంది. "అల్లుడూ, నీ వెదురు తెచ్చి ఇక్కడ పెట్టుకో."

మూడో కుండకి అయిదు రోజులు ఏమీ పొయ్యలేదు. పొయ్యొద్దని అత్తే చెప్పింది. "పాపం, దాన్ని కాస్త ఒంటరిగా వదిలెయ్యండి," అంది. ఆ అయిదు రోజులూ నువన్ కుండ చుట్టూ పాత గోనెలు చుట్టి చలి తగలకుండా చూసింది. ఆరో ఉదయం మూత తీస్తే పైన రాగిరంగు మీగడ కట్టి ఉంది. నువన్ ఒక చిలప ముంచింది. పచ్చగా పైకి వచ్చింది. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. నీలం మెల్లగా, బద్ధకంగా, అయినా వచ్చింది. నువన్ తడి నూలుని మొహానికి ఆనించుకుంది.

అప్పటినుంచి రుచి చూడడం అత్త పని, పొయ్యడం నువన్ పని. మొదట్లో అత్త చేతులు కట్టుకుని పక్కనే నిలబడేది, వేళ్ళు చంకల్లో దాచుకుని. నువన్ కాస్త ఎక్కువ వంపితే చాలు, "ఏయ్, అది కుండే, చెరువు కాదు," అని అరిచేది. పోయిన రెండు కుండల్నీ తోమి, అడుగున చిల్లులు పెట్టి, మట్టి నింపి నిమ్మగడ్డి నాటాను.

తొలకరిలో మాకు ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు అది కుండకి సున్నం ఎంత పట్టాలో తల్లితో వాదిస్తుంది. అత్త నాలిక చివరిదాకా తప్పు చెప్పలేదు. మిగతావన్నీ ఒకదాని వెనక ఒకటి జారిపోయాయి.

ఆ చలికాలం గురించి తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది సోన్ అవ్వ వచ్చిన రోజు కాదు. చలి విరగబోతున్న రోజుల్లో ఒక పొద్దున, నేను సోయికూర నారుకి నీళ్ళు చల్లుతున్నాను. అప్పుడే ముగ్గురం కలిసి తిని లేచాం. నా నోట్లో మిరపకారం ఇంకా మండుతోంది. అత్త మెట్లు దిగి, మడుల మధ్య జాగ్రత్తగా అడుగులేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. చుట్టూ ఎవరైనా ఉన్నారా అని చూసింది. నాకు చెప్పుకోవడం కూడా సిగ్గయినట్టు గొంతు తగ్గించింది.

"అల్లుడూ, నేను అన్నం తిన్నానా?"

ఆరేళ్ళలో ఆమె తనంతట తానుగా నా దగ్గరికొచ్చి ఏదైనా అడగడం అదే మొదలు. చెంబు కింద పెట్టాను.

"లేదత్తా," అన్నాను. "నేనూ తినలేదు. రండి."